నెలకో ఆదివారం.. పొయ్యికి సెలవు!

ఆదివారం అంటే అందరికీ సెలవు. వంటింటికి మాత్రం డబుల్ డ్యూటీ. పొద్దున టిఫిను రెండు రకాలు కావాలి. మధ్యాహ్నం చికెనో మటనో ఉండాల్సిందే. సాయంత్రం పిల్లలు ‘ఏమైనా చెయ్యమ్మా’ అంటారు. ఆ ‘ఏమైనా’ ఏమిటో కనుక్కొని చెయ్యడానికి గంట.

ఇదంతా ఇరవయ్యారేళ్లుగా నాకు కనబడలేదు. కనబడేలా చేసింది మా ఆవిడ. రెండేళ్ల క్రితం ఓ ఆదివారం ఉదయం స్టవ్వు కట్టేసి, హాల్లోకొచ్చి కూర్చుంది. ‘‘ఏమండీ! మీకు బ్యాంకుకు సెలవు. పిల్లలకు కాలేజీకి సెలవు. ఇవాళ నా పొయ్యికి కూడా సెలవు’’ అంది. పేపరు చదువుతున్న నేను తలెత్తి చూశాను. ముఖంలో నవ్వు లేదు. అప్పుడర్థమైంది, ఇది విన్నపం కాదు, నోటీసని.

అలా మొదలైంది మా ఇంటి కొత్త ఆచారం. నెలకో ఆదివారం బయటే భోజనం. ఎక్కడికన్నది వంతులవారీగా ఒక్కొక్కరు చెప్పాలి. షరతు ఒకటే.. వెళ్తే అందరూ వెళ్లాలి. అందరూ అంటే అమ్మతో సహా. చిక్కంతా అక్కడే వచ్చింది.

‘‘నాకెందుకురా హోటలు? ఇంత చారుబువ్వ ఉంటే చాలు. మీరు పోయి రాండ్రి’’ అంది అమ్మ. ఆమెకు డెబ్బయ్యారేళ్లు. పెళ్లిళ్లలో, దావతుల్లో తిన్నది తప్పితే, డబ్బు పెట్టి బయట అన్నం తినడం ఆమె ఎరగదు. చివరికి మా అమ్మాయి ‘‘నువ్వు రాకపోతే నేనూ పోను నానమ్మా’’ అని మంకుపట్టు పట్టింది. మనవరాలి మాటకు తిరుగులేదు కదా!

ఊరి చివర నుంచి..

మాది కౌకూర్. ‘ఎక్కడ?’ అని అడుగుతారు కొత్తవాళ్లు. ‘బొల్లారం పక్కన, యాప్రాల్ దాటాక’ అంటే ‘ఓహో, మిలిటరీ ఏరియానా’ అంటారు. సికింద్రాబాద్ నుంచి ఉత్తరంగా వస్తే కంటోన్మెంటు రోడ్లు, వాటి పక్కన పెద్దపెద్ద చెట్లు, ఆ తర్వాత మా ఊరు. దర్గా, అడవి, ఇప్పుడు వాటి చుట్టూ కాలనీలు, అపార్టుమెంట్లు. ఒకప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉండేవాళ్లం. 2016 అక్టోబరు నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లావాళ్లమయ్యాం. ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది!

మా చిన్నప్పుడు సికింద్రాబాద్ వెళ్లడమంటే ‘పట్నం పోవుడే’. ఇప్పుడు పట్నమే మా గుమ్మం ముందుకొచ్చింది. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ నుంచి మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ రైళ్లు కూడా మొదలయ్యాయి. మల్కాజిగిరి, అమ్ముగూడ, కావల్రీ బ్యారక్స్, అల్వాల్, బొల్లారం.. ఒక్కో స్టేషను దాటుతుంటే సగం ప్రయాణం చెట్ల మధ్యే సాగుతుంది. అయితే ఈ దారిలో బళ్లు తక్కువ. ఆదివారమైతే వేళలు ముందే చూసుకొని బయల్దేరాలి. లేదంటే ప్లాట్‌ఫాం మీదే ఆకలి తీర్చుకోవాలి.

‘కూర ఏదిరా?’

మొదటి వంతు అబ్బాయిది. వాడి నోట ఇంకో మాట వస్తుందా? ‘‘ప్యారడైజ్ బిర్యానీ!’’

బొల్లారంలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాం. ముందుగా స్టేషను దగ్గర ఇరానీ చాయ్. ఇరాన్ నుంచి బొంబాయి, పుణెల మీదుగా వచ్చినవాళ్లు నిజాం కాలంలో ఇక్కడ పెట్టిన హోటళ్లు చాలామటుకు మూలమలుపుల్లోనే ఉండేవి. నాలుగు రోడ్ల జనమూ కనబడాలని! చాయ్‌లో గమ్మత్తేమిటంటే డికాక్షన్ వేరు, పాలు వేరు. డికాక్షన్‌ను మూతపెట్టి సన్నటి సెగ మీద మగ్గబెడతారు. పాలను చిక్కబడేదాకా విడిగా మరిగిస్తారు. రెండూ కప్పులోనే కలుస్తాయి. ఉస్మానియా బిస్కెట్‌ను అందులో ముంచి, అది విరిగి పడేలోపు నోట్లో పెట్టుకోవడం మా నగరంలో చిన్నప్పుడే నేర్చుకునే విద్య. అమ్మకు పళ్లు తక్కువ. ఆ మెత్తని బిస్కెట్ ఆమెకు తెగ నచ్చింది. ‘‘నమలకుండనే పోతాంది’’ అంది.

అక్కణ్నుంచి ప్యారడైజ్. 1953లో ప్యారడైజ్ టాకీసు పక్కన చిన్న క్యాంటీనుగా మొదలైంది. సినిమాహాలు పోయింది. బిర్యానీ నిలబడింది. ఆ కూడలికి పేరు, తర్వాత మెట్రోస్టేషనుకు పేరు కూడా అదే. హైదరాబాదీ కచ్చీ బిర్యానీలో మాంసాన్ని ముందుగా ఉడికించరు. మసాలా, పెరుగు పట్టించి నానబెట్టిన పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం పరిచి, మూత చుట్టూ పిండి అంటించి దమ్ చేస్తారు. లోపలేం జరుగుతోందో చూడ్డానికి లేదు. వంటవాడి చెయ్యి మీద నమ్మకమే.

ప్లేట్లు వచ్చాయి. అమ్మ అటూ ఇటూ చూసి ‘‘కూర ఏదిరా?’’ అంది. మిర్చీకా సాలన్ చూపించాను. పల్లీలు, నువ్వులు, చింతపండు రుచి తెలిసి ‘‘ఇది మన పులుసే’’ అని తేల్చింది. కానీ తిన్నది నాలుగు ముద్దలే. తన ప్లేటులోని ముక్కలు ఒక్కొక్కటే ఏరి మనవడికి రెండు, మనవరాలికి ఒకటి, నాకొకటి వేసేసింది. ‘‘అమ్మా, నీకోసం తెప్పించిందే’’ అంటే ‘‘నాకు అరగదురా’’ అంది. మేమూ నమ్మేశాం.

వడ్డించేటప్పుడు లేచి నిల్చుంది!

రెండో నెల నా వంతు. ఉడిపి రుచులంటే నాకు ఇష్టం కనుక పొద్దున్నే ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటల్‌కు తీసుకెళ్లాను. 1948 నాటి హోటలది. సాంబారులో మునిగిన ఇడ్లీ, ఫిల్టరు కాఫీ. నేను బ్యాంకులో చేరిన కొత్తలో మొదటి జీతంతో మిత్రులకు అక్కడే పార్టీ ఇచ్చాను. మా అబ్బాయి ఆ ముక్క విని ‘‘ఇడ్లీతో పార్టీనా నాన్నా!’’ అని జాలిగా చూశాడు.

మూడో నెల మా ఆవిడ వంతు. ‘‘నాకు బిర్యానీ వద్దు, పిజ్జా వద్దు. ఆకు వేసి, అన్నం పెట్టి, అడిగి అడిగి వడ్డించే చోటికి తీసుకెళ్లండి’’ అంది. అలాంటిదంటే అమీర్‌పేటే. కంప్యూటరు కోర్సుల కోసం, పోటీ పరీక్షల కోసం జిల్లాల నుంచి వచ్చే పిల్లల ఆకలి మీద పెరిగిన పేట అది. గోడకు గోడ ఆనుకొని హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, మెస్సులు. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే నేరుగా దిగబెడుతుంది. లిఫ్టు ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులవాళ్లకు ఇబ్బంది లేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు మెస్సు ముందు జనం. కూర్చున్నవాళ్ల కుర్చీ వెనకే తర్వాతివాళ్లు నిలబడి ఎదురుచూస్తున్నారు. అరగంటకు మాకు బల్ల దొరికింది. ముద్దపప్పు, గోంగూర, కందిపొడి, నెయ్యి, వేపుడు, సాంబారు, గడ్డపెరుగు. వడ్డించే కుర్రాడు పొగలు కక్కే అన్నం బేసిను పట్టుకొని ముందుగా అమ్మ దగ్గరికే వచ్చాడు. పెద్దావిడ కదా అని.

అమ్మ చటుక్కున లేచి నిలబడింది. రెండు చేతులూ చాపి, ఆ బేసిను అందుకోబోయింది!

కుర్రాడు తికమకపడ్డాడు. ‘‘కూర్చోండి పెద్దమ్మా, నేను పెడతా కదా’’ అన్నాడు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు.

తర్వాత అమ్మ తిన్న తీరు చూడాలి. పప్పులో నెయ్యి వేయించుకుంది. గోంగూర రెండోసారి అడిగింది. ‘‘పుల్లగ మంచిగుంది గని జెర ఉప్పు తక్కువైంది’’ అని తీర్పు చెప్పింది. కుర్రాడు ‘‘ఇంకొంచెం అన్నం పెద్దమ్మా’’ అంటే వద్దనలేదు. పెరుగన్నం ఆఖరి మెతుకు దాకా తిని, ఆకు మడిచింది. అరగదన్న మనిషేనా ఈమె అనిపించింది.

ఆ రాత్రి మా ఆవిడ అడిగింది. ‘‘అత్తమ్మ ఇంట్లో కడుపునిండా తినడం మీరెప్పుడైనా చూశారా?’’

ఆలోచించాను. గుర్తురాలేదు. గుర్తొచ్చింది వేరే దృశ్యం. నాయిన తినేటప్పుడు అమ్మ నిలబడి ఉంటుంది. మేం నలుగురు పిల్లలం తినేటప్పుడు నిలబడి ఉంటుంది. అందరం లేచాక, గిన్నెలో అడుగూబొడుగూ ఊడ్చుకొని వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుంటుంది. ఏం తినేదో, ఎంత మిగిలేదో మాకెవరికీ తెలియదు. కోడలొచ్చాక పొయ్యి చేతులు మారింది కానీ ఆ అలవాటు మారలేదు. ‘మీరు తినండ్రి, నేను ఎనక తింట’ అనేది. సరే అనుకున్నాం. డెబ్బయ్యారేళ్లలో ఆమెను కూర్చోబెట్టి, ముందుగా ఆమెకే అన్నం పెట్టినవాడు పేరు కూడా తెలియని ఓ మెస్సు కుర్రాడు.

ఒకే పళ్లెం.. అందరి చేతులు

అమ్మాయి వంతు వచ్చింది. ‘‘బార్కాస్‌లో మండీ తిందాం’’ అంది. మేమున్నది నగరానికి ఈ కొస. బార్కాస్ ఆ కొస. చాంద్రాయణగుట్ట దాటి వెళ్లాలి. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బుల బ్యారక్‌లు అక్కడ ఉండేవి. ఆ బ్యారక్సే జనం నోట్లో నలిగి ‘బార్కాస్’ అయింది. మా కావల్రీ బ్యారక్స్ స్టేషనుకు అది దూరపు చుట్టమన్నమాట! అక్కడి జామకాయలకు ఎప్పటి నుంచో పేరు. ఇప్పుడు మండీకి.

మండీ అంటే మసాలా ఘాటు లేని, సువాసనతో ఉండే అన్నం. మీద మెత్తగా ఉడికిన మాంసం. వేడివేడిగా పెద్ద పళ్లెంలో తెచ్చి మధ్యలో పెడతారు. చుట్టూ పరుపుల మీద కూర్చొని అందరూ అందులోంచే తినాలి. అమ్మకు కింద కూర్చోవడం కష్టమేమోనని భయపడ్డాం. ఆమె గోడకు ఆనుకొని హాయిగా కాళ్లు చాపుకుంది.

ఇక్కడ వడ్డించే పనే లేదు. ఎవరికి ఎవరూ తీసి పెట్టక్కర్లేదు. ముందు, వెనక అన్నదే లేదు. అమ్మ తన ఎదురుగా ఉన్న అన్నం తింటూ ‘‘ఎవుసం పనులప్పుడు మా అవ్వ గిట్లనే ఒక్క తాంబాళంల కలిపి మాకందరికి పెట్టేది’’ అంది. ఆమె తన చిన్నప్పటి సంగతి చెప్పగా వినడం నాకు అదే మొదలు. ఇంటికొచ్చేదాకా కారులో చెబుతూనే ఉంది. జొన్నగట్క, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ తొక్కు, దసరాకు మాత్రమే వండే తెల్లన్నం..

అన్నీ మంచి అనుభవాలేనా అంటే కాదు. ఓసారి హైవే మీద కొత్తగా తెరిచిన పెద్ద రెస్టారెంటుకు వెళ్లాం. రంగురంగుల దీపాలు, పాటల హోరు. పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాలి. చల్లారిన రోటీలు తెచ్చారు. బాత్రూము మేడమీద. రెయిలింగు లేని మెట్లు. అమ్మ ఎక్కలేక, అడగలేక, రెండు గంటలు మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చుంది. ఆ సంగతి ఇంటికొచ్చాక గానీ చెప్పలేదు. బిల్లు చూసి బాధపడ్డ నేను, ఆ మాట విని సిగ్గుపడ్డాను.

పెద్దలతో వెళ్తున్నారా?

రెండేళ్లలో మేం నేర్చుకున్న నాలుగు పాఠాలు చెబుతాను. ఒకటి, ఒంటిగంటకు కాదు, పన్నెండు గంటలకే వెళ్లండి. నిలబడే పని తప్పుతుంది, వంట వేడిగా ఉంటుంది. రెండు, ముందే ఫోను చేసి బాత్రూము ఎక్కడుందో, మెట్లున్నాయో లేదో కనుక్కోండి. మెనూ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న అది. మూడు, పెద్దవాళ్లకు మెనూ కార్డు ఇచ్చి ‘ఏం కావాలి’ అనకండి. ధరలు చూసి ‘ఏం వద్దు’ అంటారు. వాళ్లకిష్టమైనది మీకు తెలిసే ఉండాలి. తెలియకపోతే తెలుసుకోవడానికి ఇదే సమయం. నాలుగు, రంజాన్ నెల మాత్రం వదులుకోకండి. భౌగోళిక గుర్తింపు 2010లోనే పొందిన హలీం, పళ్లులేనివాళ్లకూ పండగే.

మా వైపు వస్తే ఇంకో లాభం. బొల్లారంలో 1860లో కట్టిన రాష్ట్రపతి నిలయం ఉంది. 90 ఎకరాల ప్రాంగణం. ఒకప్పుడు ఏడాదికి కొన్ని రోజులే చూడనిచ్చేవాళ్లు. 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా తెరుస్తున్నారు. సోమవారాలు, రాష్ట్రపతి బస చేసే రోజులు మినహాయింపు. పొద్దున అక్కడ తిరిగి, అల్వాల్ వైపు ఏ టిఫిను సెంటర్లోనో ఇడ్లీ తిని, సాయంత్రం శామీర్‌పేట చెరువు కట్ట చూసుకొని, రాజీవ్ రహదారి మీదున్న ఏదో ఓ దాబాలో బగారా అన్నం, నాటుకోడి కూర. ఒక ఆదివారానికి ఇంతకన్నా ఏం కావాలి?

ముందుగాల నువ్వు తిను!

హైదరాబాద్‌ను యునెస్కో 2019లో ఆహార సంస్కృతికి పేరున్న సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. బిర్యానీకి, హలీంకు దక్కిన గౌరవమని అందరం మురిసిపోయాం. కానీ నాకైతే ఆ గౌరవంలో కాస్త వాటా రోడ్డు పక్కన రొట్టెలు కాల్చే ఆడవాళ్లకూ దక్కాలనిపిస్తుంది.

పోయిన నెల అమ్మ వంతు. ఇన్నాళ్లూ ‘మీ ఇష్టం’ అని దాటేసేది. ఈసారి మాత్రం ‘‘దూరమెందుకు? గా రొట్టెల కాడికి పోదాం’’ అంది. పొద్దుగూకే వేళకు మా దారిలో ఫుట్‌పాత్ మీద కట్టెలపొయ్యి వెలుగుతుంది. ఓ నడివయసు ఆమె వేడినీళ్లతో జొన్నపిండి తడిపి, చేత్తో చరిచి, పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన నీళ్లు అద్ది తిప్పేస్తుంది. చివర్లో నిప్పుల సెగకు రొట్టె పొంగుతుంది. షుగరున్నవాళ్లు, బరువు తగ్గాలనుకునేవాళ్లు కార్లు ఆపి కట్టించుకెళ్తారు.

‘‘మా కాలంల ఇది లేనోళ్ల తిండి. బియ్యం ఉన్నోళ్లని చూసి ఏడ్చెటోళ్లం. ఇప్పుడు ఉన్నోళ్లే దీనికి లైన్ కడ్తున్నరు’’ అని అమ్మ నవ్వింది. మాకోసం స్టూళ్లు వేశారు. అమ్మ మాత్రం పొయ్యి పక్కన ఇటుక మీద కూర్చుంది. ఊరుకుంటుందా? ఓ ముద్ద తీసుకొని తనే చరిచింది. వేళ్లు వణికాయి. రొట్టె మాత్రం చంద్రుడిలా గుండ్రంగా వచ్చింది. కాలుస్తున్న ఆమె ‘‘నాకంటె పల్చగ చేసినవు పెద్దమ్మా’’ అని మెచ్చుకుంది.

మేం ఉల్లిగడ్డ కారంతో, పప్పుతో తిన్నాం. లేవబోతుంటే అమ్మ ఆమెనడిగింది.

‘‘నువ్వు తిన్నవా బిడ్డా?’’

‘‘ఏడ పెద్దమ్మా? గిరాకి అంత అయిపోయినంక తింట.’’

‘‘అయిపోయినంక నీకేం మిగుల్తది?’’

ఆమె నవ్వి ఊరుకుంది. అమ్మ నవ్వలేదు. తను చేసిన రొట్టెను మడిచి, మీద కాస్త కారం పెట్టి, ఆమె చేతికిచ్చింది. ‘‘ముందుగాల నువ్వు తిను. ఆళ్లు జెరసేపు ఆగుతరు’’ అంది.

కార్లవాళ్లు నిజంగానే ఆగారు. ఆమె రెండు నిమిషాల్లో తినేసి, చేతులు కడుక్కొని, మళ్లీ పిండి అందుకుంది.

నెలకో ఆదివారం పొయ్యికి సెలవిచ్చాం, బాగానే ఉంది. మరి మిగతా రోజుల సంగతి? అమీర్‌పేట వెళ్లొచ్చిన మర్నాటి నుంచే మా ఇంట్లో చిన్న మార్పు వచ్చింది. రాత్రి అన్నం వండగానే మొదటి పళ్లెం అమ్మకు పెడతాం. పెట్టే పని నాది. మొదట్లో రోజూ గొడవే. ‘‘మీరు తినండ్రి, నేను ఎనక..’’ అనేది. నేను గిన్నె పట్టుకొని అలాగే నిలబడేవాణ్ని. ఇప్పుడు గొడవ లేదు. నిన్న రాత్రి పప్పు వడ్డిస్తుంటే ముద్ద నోట్లో పెట్టుకొని నావైపు చూసింది.

‘‘జెర ఉప్పు తక్కువైంది’’ అంది.